42 ఎకరాలు కొన్నాం, కంచెకి గవర్నమెంటు డబ్బు ఇస్తుందట – నిజమేనా?

రెండోపూట_రైతు · 2024 సెప్టెంబర్ 8

అందరికీ నమస్తే. వారమంతా ఫ్రిస్కోలో కోడింగు, శనాదివారాలు పొలం. అదీ నా పరిస్థితి. జూలైలో డల్లాస్‌కి ఈశాన్యంగా గంటన్నర దూరంలో 42 ఎకరాలు కొన్నాం. నల్లరేగడి. మాది ఆదోని పక్క పల్లె. వాన పడ్డ మర్నాడు పొలం చూడ్డానికి వెళ్తే ఒక్కో బూటుకి కిలో మన్ను పట్టింది. ఇంకేం ఆలోచించలా, కొనేశా.

15 ఎకరాలు ఒకప్పుడు దున్నిన చేను, ఇప్పుడు పక్క పొలం ఆయన ఎండుగడ్డి కోసుకుంటున్నాడు. 25 ఎకరాలు గొడ్లు మేసి మేసి బోడిగా మిగిలిన బీడు, అందులో మూడో వంతు మెస్కిట్ తుప్పలు. ఓ మూల రెండెకరాల పల్లం. వానలకి నిండుతుంది, ఆగస్టుకి నెర్రెలిస్తుంది. కంచె మూడు వైపులా పడిపోయింది.

పొలం చూపించిన ఏజెంటు "ఈక్విప్ అని స్కీము ఉంది, కంచె, బోరు, తొట్టి అన్నీ ఫెడరల్ డబ్బుతో అయిపోతాయి" అన్నాడు. ఇంకొకాయన చేనుని దున్నకుండా గడ్డికి వదిలేసే సీఆర్‌పీ అనే స్కీములో పెడితే వేలు కదపకుండా ఏటా కౌలు వస్తుందన్నాడు. కంచె వేసేవాడు వచ్చే శనివారం మొదలుపెడతానంటున్నాడు, 9,000 డాలర్లు. పని అయ్యాక బిల్లు ఆఫీసులో ఇస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

మిస్సోరీ_మామ · 2024 సెప్టెంబర్ 8

ఆ కంచెవాడికి ఇప్పుడే ఫోన్ చెయ్యి తమ్ముడూ. రావద్దని చెప్పు. మిగతాది తర్వాత చదువుకో.

చెప్పావా? సరే. ఈక్విప్ అంటే నేల, నీరు కాపాడే పనులకి ఖర్చులో కొంత ఇచ్చే ఫెడరల్ స్కీము. అందులో కాంట్రాక్టు మీద రెండు పక్షాల సంతకాలూ పడకముందు ఒక్క గుంజ పాతినా ఆ పనికి డబ్బు రాదు. తొందరుంటే ముందే మొదలుపెడతామని మినహాయింపు అడగొచ్చు, కానీ అదీ కాగితం మీద, పలుగు పట్టకముందే మంజూరు కావాలి. నేను 2016లో ఇలాగే పోగొట్టుకున్నా. ఎండాకాలం, గొడ్లకి నీళ్లు లేవు, పైపు వేయించి తొట్టి కట్టించి ఆ తర్వాత దరఖాస్తు పట్టుకెళ్లా. చూడ్డానికి వచ్చినావిడ తొట్టి వంక చూసి "చాలా బాగా కట్టించారు" అంది. అక్కడితో అయిపోయింది నా దరఖాస్తు.

బిల్లు సంగతి. వాళ్లు బిల్లు చూసి డబ్బివ్వరు. రాష్ట్రానికో రేట్ల పట్టిక ఉంటుంది. కంచెకి అడుగుకింత, పైపుకి అడుగుకింత, తుప్పలు కొట్టిస్తే ఎకరాకింత. నీకు 9,000 అయినా 14,000 అయినా పట్టికలో ఉన్నదే. అదీ పని వాళ్ల కొలతలకి సరిపోతేనే.

ఇంకోటి, పొలం చుట్టూ హద్దు కంచెకి ఇవ్వడం అరుదు. బీడుని గళ్లుగా విడగొట్టి, గొడ్లని ఒక గడి మేశాక ఇంకో గడిలోకి తోలడానికి వేసే లోపలి కంచెకి ఇస్తారు. ఏజెంటు ఆ తేడా చెప్పి ఉండడు.

రెండోపూట_రైతు · 2024 సెప్టెంబర్ 8

చెప్పేశా మామా. అడ్వాన్సు 500 వెనక్కివ్వనన్నాడు. పోతే పోయింది.

పాలమూరు_పిల్ల · 2024 సెప్టెంబర్ 9

500తో బయటపడ్డవ్ అన్నా, మంచిగైంది.

మేం ఓక్లహోమాలో 60 ఎకరాల్లో మేకలు పెంచుతున్నం, ఆరేండ్లాయె. మొదట్ల నాకూ ఈ ఆఫీసుల పేర్లు తలకెక్కలే. ఒక బిల్డింగుల రెండు కౌంటర్లుంటయ్, అదే తికమక. ఎఫ్‌ఎస్‌ఏ అంటే మన ఎమ్మార్వో ఆఫీసు అనుకో. భూమి లెక్క, నీ లెక్క, చెల్లింపుల లెక్క వాళ్లది. మొదలు అక్కడికే పోవాలె. రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తే ఫార్మ్ నంబరు, ట్రాక్ట్ నంబరు ఇస్తరు. పాత ఓనరుకి నంబరుంటే దాన్నే నీ పేరుకి మారుస్తరు, గాలిలనుంచి తీసిన ఫోటో మీద గీతలు గీసి. మన పహాణీ కన్న నయం, కనీసం గీత పొలంలనే ఉంటది.

పక్క కౌంటర్ ఎన్‌ఆర్‌సీఎస్. వాళ్లు నేల మనుషులు. పొలంకొచ్చి గుంత తవ్వి చూస్తరు, ప్లాన్ రాస్తరు, దానికి పైసా తీస్కోరు. ఈక్విప్ నడిపేది వాళ్లే. సీఆర్‌పీ మాత్రం ఎఫ్‌ఎస్‌ఏది, సాంకేతిక పని మాత్రమే వీళ్లు చూస్తరు.

సంతకాలు చానా ఉంటయ్. సీసీసీ-941 అంటే నీ ఆదాయం సగటున ఏటా 9 లక్షల డాలర్లు దాటలేదని. సీసీసీ-902 అంటే సేద్యం ఎవరు చేస్తున్నరు, పెట్టుబడి ఎవరిది అని. ఏడీ-1026 చిన్నగ కనబడ్తది గాని అన్నిట్ల పెద్దది అదే. నీ పల్లం గురించి దాంట్లనే ఉంది, తర్వాత చెప్త, మేకలు అరుస్తున్నయ్.

కరివేపాకు_కొట్టు · 2024 సెప్టెంబర్ 9

తొమ్మిది లక్షలు దాటనివాళ్లం అని మనమందరం గర్వంగా సంతకం పెట్టొచ్చు 😄

పాలమూరు_పిల్ల · 2024 సెప్టెంబర్ 9

వచ్చిన. ఏడీ-1026 మీద సంతకం పెట్టినవంటే రెండు మాటలు ఇచ్చినట్టు. కోతపడే ఏటవాలు నేలల ప్లాన్ లేకుండ దున్నను, తడినేలని పంట కోసం ఎండగట్టను అని. 1985 చట్టంల వచ్చిన షరతు ఇది. ఆ ఏడు డిసెంబర్ 23 తర్వాత ఎండగట్టిన తడినేలల పంటేస్తే ఆ ఒక్క మడి కాదు, నీకు వచ్చే సాయాలన్నిటికీ ఎసరు. 1990 నవంబర్ 28 నుంచి ఇంకా గట్టిగైంది. పంట వెయ్యకున్నా, వేసేటట్టు ఎండగట్టినా తప్పే.

నీ రెండెకరాల పల్లంల జేసీబీ పెట్టే ఆలోచన ఉంటే ముందు అది తడినేలనా కాదా అని వాళ్లతోని కాగితం మీద తేల్పించుకో.

రెండోపూట_రైతు · 2024 సెప్టెంబర్ 9

అక్కా, నిజం చెప్పాలంటే అక్కడ కుంట తవ్విద్దామని జేసీబీ వాడితో మాట్లాడా కూడా 🙈

మిస్సోరీ_మామ · 2024 సెప్టెంబర్ 9

అతనికీ ఫోన్ చెయ్యి.

హెచ్‌వన్_హాలికుడు · 2024 సెప్టెంబర్ 10

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేనూ మా ఆవిడా ఇంకా హెచ్‌వన్ మీదే ఉన్నాం, గ్రీన్‌కార్డు మన మనవల కాలానికి వస్తుంది. మే 20న 30 ఎకరాలు కొన్నాం, మూడు లక్షలు. మాక్కూడా ఈ స్కీములు వర్తిస్తాయా?

పన్నుల_పంతులు · 2024 సెప్టెంబర్ 10

స్కీముల మాట తర్వాత. మీరు ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇచ్చారా?

హెచ్‌వన్_హాలికుడు · 2024 సెప్టెంబర్ 10

ఆ పేరే వినలేదండీ.

పన్నుల_పంతులు · 2024 సెప్టెంబర్ 10

రేపు పొద్దున్నే వెళ్లి ఇవ్వండి. 1978లో ఒక చట్టం వచ్చింది, అఫీడా అంటారు. విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో తెలియజేయాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు. హెచ్‌వన్ వాళ్లు ఆ చట్టం దృష్టిలో విదేశీయులే. మీకు గడువు ఆగస్టు 18తో అయిపోయింది. ఆలస్యానికి వారానికి భూమి విలువలో వెయ్యో వంతు జరిమానా వేయొచ్చు. మీ లెక్కన వారానికి 300 డాలర్లు. అసలు ఇవ్వకపోయినా, తప్పు రాసినా విలువలో నాలుగో వంతు దాకా వెళ్లే అధికారం వాళ్లకుంది. భూమి మీ దగ్గర్నుంచి లాక్కోరు, భయపడకండి. ఇది కొనొద్దనే చట్టం కాదు, కొన్నామని చెప్పమనే చట్టం. కొనే హక్కు రాష్ట్రాల చట్టాల్లో ఉంటుంది. అయోవాలో స్థిరనివాసం లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనడానికే లేదు.

క్లోజింగ్ రోజు, అంటే భూమి మన పేరున రాసే రోజు, వందసార్లు సంతకం పెట్టించుకున్న టైటిల్ కంపెనీలు ఈ ఒక్క ముక్క చెప్పవు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక స్కీములు. విదేశీయుడికి చెల్లింపు రావాలంటే భూమి, పెట్టుబడి మాత్రమే చాలవు, పొలంలో గణనీయంగా స్వయంగా ఒళ్లు వంచి పని చేయాలి. అక్కడే తిరకాసు. మీ వీసా ఒక యజమాని దగ్గర ఒక ఉద్యోగానికిచ్చినది. సొంత పొలంలో రాబడి కోసం చేసే పని దాని కిందికి ఎలా వస్తుందో ఇమ్మిగ్రేషన్ లాయరుని అడక్కుండా ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి. అయితే ఎన్‌ఆర్‌సీఎస్ వాళ్లని పిలిచి నేల చూపించుకోవడానికి, ఉచితంగా ప్లాన్ రాయించుకోవడానికి అడ్డేమీ లేదు.

ఖమ్మం_గడ్డపార · 2024 సెప్టెంబర్ 11

పొద్దుటి నుంచి చదువుతున్నా. ఒక మాట అడగనా? ఆరంకెల జీతాలు. శనాదివారాల సేద్యం. దానికి కంచెకి, తొట్టికి, తుప్పలు కొట్టడానికి ప్రభుత్వం డబ్బులు. మా నాన్న ఖమ్మం దగ్గర కౌలుకి పత్తి, మిరప వేశాడు ఇరవై ఏళ్లు. 2018లో రైతుబంధు వచ్చింది, ఎకరాకి పంటకి 4,000, తర్వాత 5,000. ఎవరికొచ్చింది? పట్టాదారుకి. ఆయన న్యూజెర్సీలో ఉన్నాడు. ఎండలో నిలబడ్డవాడికి రూపాయి రాలే. ఇక్కడ మీరందరూ ఆ న్యూజెర్సీ పట్టాదారులు కారా?

కరివేపాకు_కొట్టు · 2024 సెప్టెంబర్ 11

అన్నా, అందరం వచ్చింది ఇక్కడ కాస్త మన్ను తొక్కుదామని. ఆ కోపం ఇక్కడెందుకు?

మిస్సోరీ_మామ · 2024 సెప్టెంబర్ 11

కోపం సరైనదే. ఆయన్ని మాట్లాడనీ.

గడ్డపారా, నువ్వన్నదాంట్లో సగం నిజం. ఆ సగం నాకూ గుచ్చుకుంటుంది. మిగతా సగం చెప్తా విను. ధర పడిపోయినప్పుడు ఇచ్చే పంట సాయాలున్నాయి, ఏఆర్‌సీ, పీఎల్‌సీ అని. అవి నష్టంలో పాలు పంచుకున్నవాడికే. నేను చేనుని నగదు కౌలుకిచ్చి కూర్చుంటే పైసా రాదు, కౌలుదారుకే మొత్తం. పంటలో పాలు తీసుకుంటే ఆ పాలుకి తగ్గట్టే నాకు. ఎక్కడో దూరంగా కూర్చున్న నీ పట్టాదారుకి ఇక్కడైతే ఆ డబ్బు రాదు. సీఆర్‌పీలో పెట్టడం కోసం కౌలుదారుని వెళ్లగొట్టడానికీ నిబంధన ఒప్పుకోదు.

సీఆర్‌పీ గురించి అడిగావు కదా రైతూ, నా కథ చెప్తా. ఉత్తర మిస్సోరీలో 80 ఎకరాలు కొన్నా, అందులో 34 అప్పటికే కాంట్రాక్టులో ఉన్నాయి. కాంట్రాక్టు 10 నుంచి 15 ఏళ్లు. భూమి అమ్మితే కాంట్రాక్టు దానితో పాటు తనంతట తాను రాదు. కొన్నవాడు 60 రోజుల్లో వెళ్లి వారసుడిగా సంతకం పెట్టాలి. లేకపోతే కాంట్రాక్టు రద్దు, అమ్మినవాడు అప్పటిదాకా తీసుకున్న కౌలంతా వడ్డీతో కట్టాలి. నాకు అమ్మిన ముసలాయన ఈ సంగతి తెలిసినవాడు కాబట్టి క్లోజింగ్ అయిన నాలుగో రోజే నన్ను కారెక్కించుకుని ఆఫీసుకి తీసుకెళ్లాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలా. సంతకం అయ్యాక ఐస్‌క్రీం కొనిపెట్టాడు.

వేలు కదపకుండా కౌలు వస్తుందన్నాయన ఎవరో గానీ, అతన్ని నా పొలంలో ఒక జూన్ ఉంచాలి. బిగ్ బ్లూస్టెమ్, స్విచ్‌గ్రాస్, ఇండియన్ గ్రాస్ అనే గడ్డి రకాలు వేయాలి (ఆ ఇండియన్‌కీ మనకీ సంబంధం లేదు). కలుపు నా పూచీ. కాంట్రాక్టు మధ్యలో ఒకసారి తగలబెట్టడమో, పైపైన దున్ని పువ్వుల మొక్కలు చల్లడమో చేయాలి. పిట్టలు గూళ్లు పెట్టే నెలల్లో కొడవలి పెట్టకూడదు. కౌలు కౌంటీ నేలల రేటు మీద కడతారు. అందరి దరఖాస్తులూ ఒకేసారి తీసుకునే మామూలు సైనప్ అయితే అందులో 85 శాతం, వాగుగట్లు, తడి అంచులు లాంటి చోట్లకి ఏడాది పొడుగునా తీసుకునే దానికి 90. ఒక మనిషికి ఏటా 50,000 డాలర్లు మించదు. ఆ పరిమితిని తాకే అదృష్టం నాకు లేదులే.

రైతూ, నీ 15 ఎకరాలు 2012 నుంచి 2017 మధ్య ఆరేళ్లలో నాలుగేళ్లు పంట వేసిన నేలగా రికార్డులో ఉంటేనే మామూలు సీఆర్‌పీకి అర్హం. ఎఫ్‌ఎస్‌ఏలో అడుగు.

ఖమ్మం_గడ్డపార · 2024 సెప్టెంబర్ 11

పంట సాయం సంగతి నాకు తెలీదు మామా, ఒప్పుకుంటా. కానీ ఒక ఊళ్లో పొలాలన్నీ గడ్డికి వదిలేస్తే విత్తనాల కొట్టు, ట్రాక్టరు మెకానిక్కు, కూలోళ్లు ఏమవ్వాలి? ఓనరుకి చెక్కు వస్తుంది, ఊరికి ఏం వస్తుంది?

మిస్సోరీ_మామ · 2024 సెప్టెంబర్ 12

1980ల చివర్లో ఈ మిడ్‌వెస్టు ఊళ్లలో అందరూ అడిగిన ప్రశ్న ఇదే. ఒక కౌంటీలో సేద్యపు నేల నాలుగో వంతు మించి సీఆర్‌పీలోకి తీసుకోకూడదని 1985 చట్టంలోనే పరిమితి పెట్టారు. దేశం మొత్తం మీద 2007లో 3.68 కోట్ల ఎకరాల దాకా వెళ్లింది, తర్వాత మొక్కజొన్న ధరలు ఎక్కేసరికి జనం దున్నుకున్నారు, పరిమితి కూడా తగ్గించారు. 2018 చట్టం ప్రకారం 2.7 కోట్లు.

ఇంకోటుంది. కాంట్రాక్టు అయిపోతున్న పెద్దాయన ఆ నేలని కొత్త రైతుకి అమ్మినా, దీర్ఘకాలం కౌలుకిచ్చినా, ఆయనకి రెండేళ్ల కౌలు అదనంగా ఇస్తారు. నీలాంటివాడు అడగాల్సింది అలాంటి నేల. నీకు ఆసక్తి ఉంటే మా కౌంటీలో వాకబు చేస్తా.

ఖమ్మం_గడ్డపార · 2024 సెప్టెంబర్ 12

నేను ట్రక్కు నడుపుతా మామా. నేల కొనే స్తోమతు లేదు. కౌలు అంటే… మెసేజ్ పెడతా.

నిర్వాహకుడు · 2024 సెప్టెంబర్ 12

రైతుబంధు, అన్నదాత సుఖీభవ మీద రాసిన పదకొండు వ్యాఖ్యల్ని రాజకీయ విభాగానికి మార్చాను. కౌలుదారుల మీద చర్చ ఇక్కడ ఉండొచ్చు. ముఖ్యమంత్రుల మీద వద్దు.

పన్నుల_పంతులు · 2024 సెప్టెంబర్ 14

టెక్సాస్ వాళ్లు రెండు సంగతులు కలిపేస్తుంటారు. ఫెడరల్ సాయం వేరు, ఆస్తిపన్ను తగ్గింపు వేరు. మనవాళ్లు 'ఆగ్ ఎగ్జెంప్షన్' అనేది మినహాయింపు కాదు, నేలని మార్కెట్ ధరకి కాకుండా పంట రాబడికి లెక్కగట్టే పద్ధతి. పేరు 1-డి-1. అది కౌంటీ అప్రైజల్ ఆఫీసులో. వెనకటి ఏడేళ్లలో ఐదేళ్లు సేద్యమో మేతో జరిగి ఉండాలి. పాత ఓనరుకి ఉన్నా సరే, కొన్నాక మీ పేరున మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఏప్రిల్ 30లోగా. రైతు గారూ, పక్కాయన గడ్డి కోత ఆపకండి. ఆయనే మీ పన్ను కాపాడుతున్నాడు. వాడుక మారితే మూడేళ్ల వెనకటి తేడా పన్ను కట్టమంటారు.

ఈక్విప్ చెల్లింపుకి 1099-జీ అనే పన్ను ఫారం వస్తుంది. అది ఆదాయమే. కొన్ని పనులకి సెక్షన్ 126 కింద కొంత మినహాయించుకోవచ్చు, మీ అకౌంటెంటుకి ఆ సెక్షన్ తెలీకపోతే ఇంకొకర్ని చూసుకోండి.

పొలాన్ని ఎల్ఎల్‌సీ పేరు మీద పెట్టమని సలహా ఇచ్చే బావమరుదులు ప్రతి ఇంట్లో ఉంటారు. పెట్టే ముందు ఇది చూసుకోండి: కొత్త రైతు (సేద్యం మొదలుపెట్టి పదేళ్లు దాటనివాడు) కోటాలో రావాలంటే ఆ కంపెనీలో ప్రతి సభ్యుడూ కొత్త రైతే అయి ఉండాలి. పేరుకి ఒక వాటా ఇచ్చిన మామగారు పదిహేనేళ్ల నుంచి పశువులు పెంచుతుంటే అందరికీ పోయింది.

కరివేపాకు_కొట్టు · 2024 సెప్టెంబర్ 14

నా ప్లాను తేనెటీగలు. మా వీధిలో ముగ్గురు అదే చేశారు, పన్ను తగ్గింది, తేనె కూడా వస్తోంది.

పన్నుల_పంతులు · 2024 సెప్టెంబర్ 14

5 నుంచి 20 ఎకరాల మధ్యే అది. 42 వాళ్లకి కాదు. మీకు ఎన్నెకరాలు?

కరివేపాకు_కొట్టు · 2024 సెప్టెంబర్ 14

ఇంకా కొనలేదు సర్. పెట్టెలు మాత్రం కొన్నా.

రెండోపూట_రైతు · 2024 అక్టోబర్ 20

అప్‌డేట్. ఎఫ్‌ఎస్‌ఏలో రెండు గంటలు పట్టింది. నంబర్లు మా పేరుకి మారాయి. మేం కొత్త రైతులమే, పదేళ్లు దాటలేదు కాబట్టి. ఆదోనిలో నాన్న వెనక గుంటక పట్టిన సంగతి నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

నిన్న ఎన్‌ఆర్‌సీఎస్ ప్లానర్ పొలానికొచ్చింది. నాలుగు గంటలు నడిచాం. నేను కంచె కంచె అంటుంటే ఆమె ఒకటే అడిగింది: "ఈ నేలకున్న రోగమేంటో ముందు చూద్దాం." పార పెట్టి ఒక పెళ్ల పెకలించింది. పైన అంగుళం మన్ను రాయిలా, దాని కింద పలక పలకలుగా. వేర్లు పక్కకి తిరిగి ఉన్నాయి. వాన నీళ్లు లోపలికి దిగకుండా పల్లంలోకి పరిగెత్తడానికి కారణం అదేనట. ఈ రేగడిని వాళ్లు హ్యూస్టన్ బ్లాక్ అంటారు, టెక్సాస్ రాష్ట్ర నేల. మా ఊళ్లో దీన్ని రేగడ అంటారని, పాత ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించే 'రేగుర్' మా తెలుగు మాటేనని చెప్తే నోట్ చేసుకుంది.

ఆమె రాసిన ప్లాను: బీడుని నాలుగు గళ్లుగా లోపలి కంచె (వాళ్ల లెక్కలో 382), ప్రతి గడికీ పైపు (516), తొట్టి (614), ఎనిమిదెకరాల్లో మెస్కిట్ తీయడం (314), 15 ఎకరాల్లో కవర్ క్రాప్, అంటే నేలని కప్పి ఉంచడానికి వేసే పైరు (340). హద్దు కంచె నా డబ్బుతోనే. పల్లాన్ని అలాగే వదిలేయమంది. దరఖాస్తు ఇచ్చాను. ఏడాదంతా తీసుకుంటారు గానీ రాష్ట్రం పెట్టిన ఒక తేదీకి అందినవాటినే మార్కులేసి వరసపెడతారట. పశువులకి సంబంధించిన పనులకి ఈక్విప్ డబ్బులో సగం కేటాయించాలని చట్టంలోనే ఉందని, నాది అందులోకి వస్తుందని ధైర్యం చెప్పింది.

పాలమూరు_పిల్ల · 2024 అక్టోబర్ 21

మెస్కిట్ ఎవరనుకున్నవ్ అన్నా, మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. రెండూ ప్రోసోపిస్ జాతే. మా నాయిన చూస్తే "గింత దూరం పోయినా ఇడిచిపెట్టలేదా" అంటడు. నరికితే చాలదు, మొదలు నుంచి పది పిలకలు లేస్తయ్.

నేను ఓక్లహోమాల ఉండుట్ల ఇది రాయాల్సిందే. ఈ ఆఫీసులన్నీ పుట్టింది మా దుమ్ములకెల్లి. 1935 ఏప్రిల్ 14, ఆదివారం, మా దిక్కు పగలే చీకటైంది, ఇప్పటికీ బ్లాక్ సండే అంటరు. ఏప్రిల్ 27కి నేల సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటి సాయిల్ కన్సర్వేషన్ సర్వీసే 1994ల ఎన్‌ఆర్‌సీఎస్ అయింది. మొదటి పెద్దసారు హ్యూ బెన్నెట్. గోధుమకి ధర ఉందని ఉన్న బీళ్లన్నీ దున్నిన్రు, వానలు మొకం చాటేసినయ్, ఇగ మన్ను లేసిపోయింది.

మిస్సోరీ_మామ · 2024 అక్టోబర్ 21

కవర్ క్రాప్‌లో వేసవికి జనుము అడుగు తమ్ముడూ. ఇక్కడ సన్ హెంప్ అంటారు. మన ఊళ్లో వరికి ముందు చల్లి కలియదున్నే జనుమే. విత్తనం రేటు వింటే మాత్రం మన ఊరికి టికెట్ తీసి బస్తా మోసుకొద్దామా అనిపిస్తుంది. తేకు, కస్టమ్స్ వాళ్లు ఊరుకోరు.

మా రాష్ట్రంలో ఇంకో వాటం ఉంది. 1984లో జనం ఓటేసి అమ్మకాల మీద డాలరుకి సెంటులో పదో వంతు పన్ను నేలకీ పార్కులకీ పెట్టారు. మళ్లీ మళ్లీ ఓటేసి నిలబెట్టుకున్నారు. ఫెడరల్‌లో రాకపోతే కౌంటీ నేల-నీటి బోర్డు దగ్గరికి పోతాం. మీ రాష్ట్రాల్లో బోర్డులు ఏం ఇస్తున్నాయో అడగండి, చాలామంది ఆ గడపే తొక్కరు.

కరివేపాకు_కొట్టు · 2024 నవంబర్ 3

హై టన్నెల్‌కి (ప్లాస్టిక్ కప్పిన షెడ్డు) కూడా ఈక్విప్ ఇస్తుందట కదా, 325 అని. అందులో కరివేప తోట పెట్టి డల్లాస్ కొట్లన్నిటికీ వేస్తే?

పాలమూరు_పిల్ల · 2024 నవంబర్ 3

ఇస్తరు. నేల మీదనే పెంచాలె, కుండీలు పేర్చితే ఒప్పుకోరు. కరివేపతో జాగ్రత్త తమ్మీ. నిమ్మ, నారింజ తోటల్ని చంపే రోగాన్ని మోసే పురుగు కరివేప మీద కూడా బతుకుతది. మొక్కలు ఒకచోట్నుంచి ఒకచోటికి తీస్కపోవుడు మీద ఆంక్షలున్నయ్. నారు యాడికెల్లి తెస్తవో ముందు వ్యవసాయ శాఖని అడుగు. మెంతికూర పెట్టుకో, ఎవ్వరూ అడగరు.

హెచ్‌వన్_హాలికుడు · 2025 జనవరి 12

పంతులు గారూ, ఫారం మర్నాడే ఇచ్చాను. కౌంటర్లో ఆమె తారీఖు చూసి ఒక్క క్షణం ఆగి ముద్ర వేసింది. ఇప్పటిదాకా నోటీసు రాలేదు. లాయరు మాత్రం పొలంలో పని మాట ఎత్తగానే 400 డాలర్లు తీసుకుని "వద్దు" అన్నాడు. ప్రస్తుతానికి పక్క రైతుకి మేతకి కౌలుకిచ్చాం. ప్లాన్ కాగితం గోడకి అంటించుకున్నాం.

మిస్సోరీ_మామ · 2025 ఫిబ్రవరి 9

ఇక్కడ ఆఫీసుల్లో గోల. 2022 ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టంలో నేల సంరక్షణకి పెట్టిన సుమారు 19.5 బిలియన్లలోంచి వచ్చే చెల్లింపుల్ని జనవరిలో ఆపేశారు. మా పక్కాయన తొట్టి కట్టించాడు, కంచె వేయించాడు, తనిఖీ అయింది, చెక్కు ఆగింది. బ్యాంకు మాత్రం ఆగదు. కాంట్రాక్టు ఉంది కదా అని అప్పు తెచ్చి పనులు చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, మీ డబ్బు ముందు పోతుంది, వాళ్లది తర్వాత వస్తుంది.

రెండోపూట_రైతు · 2025 ఫిబ్రవరి 9

నాది ఇంకా దరఖాస్తే. ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు.

మిస్సోరీ_మామ · 2025 ఫిబ్రవరి 23

20న మొదటి విడతగా ఓ 20 మిలియన్లు వదులుతున్నామన్నారు, ముందే కాంట్రాక్టు ఉన్న ఈక్విప్ వాళ్లకి, సీఎస్‌పీ అనే ఇంకో సంరక్షణ స్కీము వాళ్లకి. ఆకలేసిన ఏనుక్కి అరటిపండు. మా పక్కాయన ఇంకా ఎదురుచూస్తున్నాడు.

రెండోపూట_రైతు · 2025 జూన్ 15

వచ్చింది! మూడేళ్ల కాంట్రాక్టు. కొత్త రైతు రేటు, అంటే వాళ్లు లెక్కగట్టిన ఖర్చులో 90 శాతం దాకా. మామూలువాళ్లకి సాధారణంగా 75 దాకానే. అడ్వాన్సుగా సగం తీసుకోవచ్చన్నారు గానీ తీసుకుంటే 90 రోజుల్లో ఖర్చు చూపించాలి. నా శనాదివారాలు లెక్కేస్తే 90 రోజుల్లో 26. వద్దన్నా.

ఖమ్మం_గడ్డపార · 2025 జూన్ 15

శుభాకాంక్షలు అన్నా. నిరుడు అన్న మాటలకి ఏమీ అనుకోకు. మామ చెప్పిన ముసలాయన్ని మార్చిలో వెళ్లి కలిశా. 22 ఎకరాలు, కాంట్రాక్టు వచ్చే ఏడు అయిపోతుంది. కౌలుకిస్తానంటున్నాడు. కానీ మొదట "నీకు ఈ గడ్డి పేర్లు తెలుసా" అని పరీక్ష పెట్టాడు. నాలుగింటిలో ఒకటి చెప్పా.

మిస్సోరీ_మామ · 2025 జూన్ 15

ఐస్‌క్రీం కొనిపెట్టాడా?

ఖమ్మం_గడ్డపార · 2025 జూన్ 15

కొనిపెట్టాడు మామా.

రెండోపూట_రైతు · 2025 అక్టోబర్ 11

మెస్కిట్ అయిపోయింది. జనుము ఆగస్టులో నా ఎత్తు పెరిగింది, పక్కాయన ట్రాక్టరు ఆపి "ఇదేం పంట" అని అడిగాడు. లోపలి కంచె ఆఖరి వరస సెప్టెంబర్ 28న బిగించాం. అక్టోబర్ 1న బడ్జెట్ పాసవక ఫెడరల్ గవర్నమెంటు మూతబడింది. తనిఖీ చేసేవాళ్లు ఇళ్లలో ఉన్నారు. ఫోన్ చేస్తే టేప్ వినిపిస్తోంది.

పాలమూరు_పిల్ల · 2025 అక్టోబర్ 11

ఫోటోలు తీసి పెట్టుకో అన్నా, గుంజలకీ మూలలకీ తారీఖుతోని. తెరిచినంక అందరు ఒక్కసారే ఎగబడ్తరు.

రెండోపూట_రైతు · 2025 నవంబర్ 23

12న తెరిచారు, నిన్న ప్లానర్ వచ్చింది. టేపు, కొలకర్ర, కాగితాలు. పైపు లోతు సరిపోయింది. తొట్టి సరిపోయింది. తీగల మధ్య దూరం సరిపోయింది. ఈశాన్యం మూల గుంజ పట్టుకుని ఊపింది, ఊగింది. మన రేగడి వేసవిలో నెర్రెలిచ్చి, అక్టోబరు వానకి ఉబ్బి, గుంజని ఎత్తేసింది. మా ఊళ్లో ఇళ్ల గోడలు పగిలేదీ ఇందుకే, నాకు తెలిసి ఉండాల్సింది. ఆ ఒక్క మూల అడ్డకర్రతో మళ్లీ కట్టి, ఇంకా లోతుగా పాతాలి. మిగతా మూడు గళ్లకీ సంతకం పెట్టింది. ఆ మూల అయ్యాక ఫోటో పంపితే మళ్లీ వస్తానంది.

శనివారం పని పెట్టుకుంటున్నా. డల్లాస్ వైపు ఎవరైనా ఖాళీగా ఉంటే రండి, పులిహోర మా ఆవిడ తెస్తుంది. గునపం మాత్రం ఒకటే ఉంది.

కరివేపాకు_కొట్టు · 2025 నవంబర్ 23

నేనొస్తా. గునపం లేదు గానీ తేనెటీగల పెట్టెలు ఆరు ఖాళీగా ఉన్నాయి, కూర్చోడానికి పనికొస్తాయి.